అలీ సాహెబ్ నాయన పాట

గురజాలలో మైకుసెట్టు అలీ సాహెబ్ అంటే తెలవనోళ్లు లేరు. పెళ్లికూతుర్ని అప్పగించి కారెక్కిచ్చేటప్పుడు ఆయన ఒక చిన్న రికార్డు ఏసేవోడు. ఇంగిలీషు పాట. మెల్లంగా, బరువుగా, ఎవరో మగాయన గొంతు పూడుకుపోయి ఏడుస్తన్నట్టు ఉండేది. ఒక్క ముక్క ఎవురికీ అర్థం కాదు. అయినా పిల్ల తండ్రి కండవా మొకానికి అడ్డం పెట్టుకోవాల్సిందే. అందుకే మావోళ్లు దానికి నాయన పాట అని పేరెట్టారు. డెబ్బైల్లో మద్రాసు తిరిగే లారీ డ్రైవరు ఒకాయన తెచ్చిచ్చాడంట. దాని మీద పాట పేరున్న కాయితం ఎప్పుడో ఊడిపోయింది.

ఇప్పుడంతా డీజేలే గదా! సాహెబ్ సెట్టు మూలన పడింది. ఆయన భార్య బషీరున్నీసా దాని మీద మిరపకాయల బస్తా కూడా పెట్టింది. అట్టాంటప్పుడు ఎదురింటి కోటిబాబు కూతురు గోపికకి పెళ్లి కుదిరింది. ఆ పిల్ల వచ్చి, "తాతా, డీజే వద్దు. మా అమ్మను అత్తారింటికి పంపిన పాటతోనే నన్నూ పంపాల" అనింది.

ముసలాయన కాళ్లు నేల మీద ఆగలా. "ఇది గాని బాగా జరిగితే మళ్లీ నలుగురూ పిలుస్తారే" అన్నాడు పెళ్లాంతో.

"చెడితే?"

"చెడితే ఈ రికార్డు మిషను నీ మిరపకాయలకే ఇచ్చేస్తాలే."

ఎందుకైనా మంచిదని మెకానిక్ అల్లుడు రఫీక్ చేత మిషను విప్పిచ్చాడు. రఫీక్ పాత మోటారు పీకేసి కొత్తది బిగిచ్చాడు.

అప్పగింతల టైమయింది. గోపిక చేతులు పాలల్లో ముంచి అత్తగారి చేతుల్లో పెట్టారు. అందరూ ఏడవడానికి రెడీగా ఉన్నారు. సాహెబ్ రికార్డు మీద ముల్లు దించాడు.

దడదడదడ! డ్రమ్ములు! పైన ఒక ఆడమనిషి హుషారుగా ఎగిరెగిరి పాడతంది. పెళ్లికొడుకు ఫ్రెండ్సు ఈలలేసి డాన్సు మొదలెట్టారు.

గోపిక అమ్మమ్మ పున్నమ్మ లేచింది. "ఏవయ్యా సాహెబూ! పిల్లని పంపుతన్నామా, తిరనాలకి పోతన్నామా? ఎవురయ్యా ఆ ఆడమనిషి? మా నాయనేడి?"

సాహెబ్ మొకం మాడిపోయింది. రఫీక్ అందరూ ఇనేట్టే చెప్పాడు, "మామూ, ఈ చిన్న రికార్డుకి మిషను ఇప్పుడే కరెక్టు స్పీడులో తిరగతంది. ఇన్నాళ్లూ ఆ పాత మోటారు పెద్ద రికార్డుల స్పీడులోనే ఈడ్చుకుంటా తిరిగింది."

"నువ్వు నోరు ముయ్యవయ్యా!"

గోపిక ఏడుపు మొకంతోనే ఫోను తీసి దానికి ఆ పాట ఇనిపిచ్చింది. ఫోను చెప్పిందంతా చదివింది. "తాతా, ఇది డిస్కో పాటంట. పాడినామె చర్చిలో పాడుకునేదంట. అక్క పెళ్లయి దూరం పోతంటే, ఈ పాటే మెల్లంగా పాడి సాగనంపిందంట. తర్వాత కంపెనీవోళ్లు డాన్సులకి కావాలని దడదడలాడిచ్చారంట."

"అద్దీ!" అనింది పున్నమ్మ. "ఆ కంపెనీ చెడగొట్టిందాన్ని మన సాహెబు బాగుచేశాడు. ఆయన అల్లుడొచ్చి మళ్లీ చెడగొట్టాడు."

అందరూ నవ్వారు. సాహెబ్ మాత్రం రికార్డు మళ్లీ మొదటికి పెట్టి, తిరిగే పళ్లెం అంచు మీద వేలు ఆనిచ్చాడు. పాట నెమ్మదిచ్చింది. ఆడగొంతు దిగి దిగి నాయన గొంతయింది. ముసలి వేలు వణికినప్పుడల్లా ఆ గొంతు కూడా పట్టుకుపోయింది. అంతకు ముందెన్నడూ అట్టా ఏడవలా ఆ పాట. కోటిబాబు కండవా మొకం మీదికి పోయింది.

కారు కదిలింది. గోపిక అద్దంలోంచి తల బయటపెట్టి అరిచింది, "తాతా, ఇంక వదులూ!"

వేలు తీశాడు. డ్రమ్ములు ఎత్తుకున్నాయి. తిరనాలన్న పున్నమ్మే ముందు కాలు కదిపింది.

మొన్న రాజుపాలెం నుంచి పెళ్లికి పిలుపొచ్చింది. బషీరున్నీసా బస్తా పక్కకి జరిపి, "అంతసేపు వేలు పెట్టుకోని ఏం నిలబడతావు? ఆ పాత మోటారే బిగిచ్చుకోరాదా?" అనింది.

"అప్పుడు వదిలేదెట్టాగే?" అన్నాడు సాహెబ్.