"తిన్నావేటి" అనే పెట్టె కోసం నర్సీపట్నం దాకా

కొందరు భక్తితో ప్రయాణాలు చేస్తారు, కొందరు చల్లగాలి కోసం చేస్తారు. నేను నర్సీపట్నానికి కేవలం కడుపుమంటతో వెళ్లాను. కారకుడు కిశోర్, నా ఇంజనీరింగ్ క్లాస్‌మేట్. విశాఖలో మేమిద్దరం ఎనభైల నాటి ఇంటి కంప్యూటర్లు పోగేస్తాం, టీవీకి తగిలిస్తే తప్ప పనిచేయని కీబోర్డు పెట్టెలు. అవి నాకూ ఉన్నాయి. వాటి వెనక తగిలించే వింత సరంజామా మాత్రం వాడి అద్దాల బీరువాలోనే ఉంది: వెండి రంగు కాగితం మీద అక్షరాలు కాల్చే ప్రింటరు, తెర మీద గీసే లైట్ పెన్ను, బిస్కెట్టంత టేపులు మింగే డ్రైవు. అన్నీ ఏడాదో రెండేళ్లో అమ్మి, ఇక మా వల్ల కాదని కంపెనీలు చేతులెత్తేసిన సరుకు. ఆ బీరువాకు వాడు లైట్లు కూడా పెట్టించాడు. ఆ బల్బులు మాడిపోవాలని మనస్ఫూర్తిగా కోరుకుంటూ ఉంటాను.

వాడి దగ్గర లేనిది ఒక్కటే, మాట్లాడే పెట్టె. కంప్యూటర్ వెనక గుచ్చి మాట టైపు చేస్తే ఇంగ్లీషు యాసలో పైకి పలుకుతుంది. నర్సీపట్నంలో అప్పలరాజు గారనే రిటైర్డ్ లెక్కల మాస్టారి దగ్గర అదుందని మా పాత కంప్యూటర్ల గ్రూపులో ఎవరో ఫొటో పెట్టారు. మాస్టారికి ఫోన్ చేస్తే ఆదివారం రమ్మన్నారు. కిశోర్‌కు చెప్పలేదు. ఆ గ్రూపులో వాడూ ఉన్నాడన్న చిన్న విషయం ఆ ఆవేశంలో తట్టలేదు.

బస్సు కంటే రైలు చవకని లెక్కవేసి, పొద్దున్నే ప్యాసింజరెక్కి, యలమంచిలి దాటాక నర్సీపట్నం రోడ్డు స్టేషన్లో విజయగర్వంతో దిగాను. ఊరెటని టీ కొట్టాయన్ని అడిగాను. ఆయన నన్ను జాలిగా చూశాడు.

"ఊరేటి బాబూ, ఇది రోడ్డు. ఊరు ఇంకా శానా దూరం."

దాదాపు ముప్పై కిలోమీటర్లు. స్టేషన్ పేరులో ఆ 'రోడ్డు' అనే మాటను అంత నిజాయితీగా పెట్టారని నేననుకోలేదు. ఆటోలు మారుతూ, రైల్లో మిగిలిందంతా వాటికి సమర్పించుకుంటూ చేరేసరికి పదకొండు దాటింది. బలిఘట్టం దారిలో మాస్టారి ఇల్లు. గుమ్మం బయట బాగా తెలిసిన చెప్పులు. లోపల కిశోర్ పెసరట్టు తింటున్నాడు. బస్సెక్కి రెండున్నర గంటల్లో ఊరి మధ్యలో దిగాడట.

మాస్టారి భార్య సత్యవతి గారు నాకూ ఒకటి వేసి పెట్టారు. ఆవిడా టీచరే, ఒకప్పుడు మాకవరపాలెం బడి నుంచి సాయంత్రానికి అలసిపోయి వచ్చేవారట. మాస్టారేమో లెక్కలు తప్ప మాటలు రాని మనిషి. అందుకని భార్య గుమ్మంలో అడుగుపెట్టగానే తన బదులు ఆ పెట్టెతో పలకరింపజేసేవారట. ఇప్పుడు సిగ్గుపడుతూనే దాన్ని గుచ్చిన పాత కంప్యూటర్ మీద మీట నొక్కారు. సబ్బుపెట్టెంత నల్లడబ్బా గరగరలాడింది.

"బేగి సెప్పు. తిన్నావేటి?"

ఇంగ్లండు దొర నర్సీపట్నానికి ఇల్లరికం వచ్చి పదేళ్లు కాపురం చేసినట్టుంది ఆ గొంతు. జాగ్రత్తగా చూసుకునేవాళ్లు తీసుకోవచ్చని మాస్టారు అన్నారో లేదో, కిశోర్ డబ్బాను ఒళ్లోకి లాక్కున్నాడు. నాకు పెసరట్టు గొంతులో అడ్డం పడింది. అప్పుడు వాడు తన మేధస్సు ప్రదర్శించాడు.

"ఉచ్చారణ తప్పొస్తోందండీ. 'త్వరగా చెప్పు, తిన్నావా' అని సరిచేసేస్తాను."

సత్యవతి గారు అట్లకాడ కింద పెట్టారు.

"ఏటి తప్పు బాబూ? ఆయన నోటంట రాని మాట అదే అడిగేది. ఇలా ఇయ్యి."

డబ్బా తిరిగి బల్ల మీదికి చేరింది. ఆవిడ మనసు మారితే కబురు చేస్తానని, అప్పుడు ముందొచ్చినవాళ్లదే పెట్టె అని మాస్టారు మమ్మల్ని సాగనంపారు. నిజానికి కిశోర్ చెప్పిన సవరణే నా నాలుక చివర కూడా ఉంది. నోట్లో పెసరట్టు ఉండబట్టి మర్యాదస్తుడిగా మిగిలాను.

తిరుగు బస్సులో ఇద్దరం ఒకే సీట్లో కూర్చున్నాం. వాడికీ దక్కలేదన్న ఆనందం అనకాపల్లి దాకా కూడా నిలవలేదు. ఎందుకంటే నా అసూయ ఇప్పుడు వాడి మీద కాదు, ఆ ఇంటి మీద. వాడి బీరువాలో లైట్ల కింద ఆ పెట్టె ఎవరిని అడుగుతుంది తిన్నావేటని? నా గదిలో మాత్రం ఎవరున్నారు? అలాగని ఆశ వదులుకున్నానని కాదు.

వెళ్లాలనుకునేవారికి ఒక్క సలహా: విశాఖ నుంచి బస్సే ఎక్కండి, నర్సీపట్నం రోడ్డు స్టేషన్‌ను ఊరనుకుని దిగకండి. బస్సు కుదుపులకు నడుం పట్టేసిందని, ఈసారి కబురొస్తే రైలు నయమా అని కిశోర్ అడిగాడు. హాయిగా ఉంటుందని, స్టేషన్లో దిగితే ఎదురుగానే ఊరని చెప్పాను. వాడు నా బ్లాగు చదవడు.