ఆషాఢంలో బాల్ జాయింట్లు

ఆ రోజుల్లో నాకు ఆషాఢమాసమంటే బట్టల షాపుల ముందు వేలాడే డిస్కౌంటు బోర్డులు తప్ప మరేమీ తెలియదు. పెళ్లయిన ఏడాది మాత్రం బాగా తెలిసొచ్చింది. కొత్త అల్లుడు ఆ నెలంతా అత్తవారి గడప తొక్కకూడదట, కొత్త కోడలు పుట్టింట్లో ఉండాలట. (ఈ నియమం పెట్టిన పెద్దాయనకు అప్పటికే పెళ్లయి చాలా ఏళ్లయి ఉంటుందని నా నమ్మకం.) మా అత్తవారిల్లు చిక్కడపల్లిలో. మేం అద్దెకుంటున్నది అశోక్ నగర్‌లో, కోచింగ్ సెంటర్ల మధ్య ఒక చిన్న వాటాలో. గాలి ఇటు తిరిగితే అత్తగారు వేసే ఇంగువ తిరగమోత మా వంటింట్లోకి వచ్చేంత దగ్గర. అంత దగ్గర్లో ఉండి కూడా విడిగా ఉండాలి. సరే, పెద్దవాళ్ల మాట. మా ఆవిడ దిగులుగా సూట్‌కేసు సర్దుకుంటుంటే, ధైర్యం చెబుదామని, "నెల రోజులేగా, ఇట్టే గడిచిపోతుందిలే" అన్నాను.

"ఓహో, మీకు ఇట్టే గడిచిపోతుందా?" అంది. అంతే, ఆ తర్వాత నా ఫోను ఎత్తలేదు. మెసేజీలు పెట్టాను. చూసినట్టు టిక్కులు నీలంగా మారేవి గానీ జవాబు వచ్చేది కాదు. అది మా మొదటి తగవు. ఎదురుగా కూర్చుంటే కాఫీ చల్లారేలోపు తీరిపోయేదే, ఫోనులో సంజాయిషీ రాసేకొద్దీ ముదిరిపోయింది. నాకు నిజంగానే భయం పట్టుకుంది. నెల తర్వాత తిరిగొచ్చే మనిషి ఏ మొహంతో వస్తుందోనని ఆఫీసులో పనిమీద మనసు నిలిచేది కాదు.

సరిగ్గా అప్పుడు మామగారి కారు నన్ను ఆదుకుంది. ఆయనది ఓ పాత చిన్నకారు. మామగారు ప్రభుత్వోద్యోగం చేసి రిటైరైన మనిషి, మాట మెత్తన, ఒళ్లు సన్నన. ఆ కారుని తప్ప ఎవర్నీ విసుక్కోవడం నేను చూడలేదు. కొన్నాళ్లుగా అది స్పీడ్‌బ్రేకర్ ఎక్కినా, మలుపు తిరిగినా ముందువైపు నుంచి కటకటమని చప్పుడు చేస్తోంది. బాల్ జాయింట్లు అరిగిపోయాయన్నాడట లోయర్ ట్యాంక్ బండ్‌లో ఆయన నమ్ముకున్న మెకానిక్. (మనిషి తుంటికి కీలు ఎలాగో, ముందు చక్రానికి బాల్ జాయింట్ అలాగ. అది ఊడిందంటే చక్రం ఒకదారి, కారు ఒకదారి.) అంతమాట అన్నవాడు శ్రావణంలో చెల్లెలి పెళ్లని, ఆ పనులకి ఊరెళ్లిపోయాడు. ఇంకో మెకానిక్ చేత తన కారుని ముట్టించడం మామగారికి ఇష్టం లేదు. ఈ కబురంతా ఆయన ఫోనులో చెబుతుంటే నాలో ఎక్కడో ఒక దీపం వెలిగింది.

"నేను మారుస్తాను మామయ్యగారూ. నేను చదివింది మెకానికలేగా" అన్నాను.

"మీరు మా ఇంటికి రాకూడదు కదా బాబూ!"

"కారు ఇంట్లో లేదు కదండీ. వీధిలో ఉంది."

అవతల అత్తగారితో ఏదో గుసగుస. చివరికి, "గేటు దాటకుండా ఉంటే తప్పులేదంటోంది మీ అత్తయ్య" అన్నారు. చదివింది మెకానికలే గానీ చేస్తున్నది హైదర్‌గూడలో ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. కాలేజీలో నేను విప్పిన ఒకే ఒక ఇంజను తిరిగి బిగించినట్టు నాకు జ్ఞాపకం లేదు. రాత్రంతా వీడియోలు చూసి, కొత్త జాయింట్లు కొనుక్కుని, ఆదివారం పొద్దున్నే ఆ వీధిలో దిగాను. మేడమీద వరండాలో మా ఆవిడ నిలబడి ఉంది. నన్ను చూసి, తడి తువ్వాలు గట్టిగా ఒకసారి దులిపి ఆరేసి లోపలికి వెళ్లిపోయింది.

అత్తగారు పెసరట్ల పళ్లెం ప్రహరీగోడ మీద పెట్టి, అటునుంచే "తినండి బాబూ" అన్నారు. తిన్నాక జాకీ వేసి కారు లేపాం. జాకీ ఒక్కదాన్నీ నమ్మకూడదని మామగారు గేటు పక్కన పడున్న పాత రోలుని దొర్లించుకొచ్చి కారు కింద పెట్టారు. వీధి చివర ఇస్త్రీ బండి నడిపే అన్న తన పెట్టె పక్కన పెట్టి మరీ చూడ్డానికొచ్చాడు. "ఏంది సార్, కొత్త అల్లునితోని గింత పని చేపిస్తున్రు! జర ఇజ్జత్ జూడుండ్రి!" అన్నాడు. మామగారి మొహం వాడిపోయింది. "అబ్బే, బాబే ముచ్చటపడ్డారు" అంటూ తనూ లుంగీ ఎగ్గట్టి నా పక్కన చతికిలబడ్డారు.

నట్టు వదులైంది గానీ జాయింటు మాత్రం ఊడి రాలేదు. వీడియోలో ఆ కుర్రాడు సుత్తితో అలా తాకించగానే ఊడిపోయింది. ఇక్కడ నేను కొడుతూనే ఉన్నాను, చొక్కా తడిసిపోయింది. ఇస్త్రీ అన్న "అయితదన్నా, కొట్టు, ఇంకోటి కొట్టు" అని హుషారు చేసి, బట్టలు ఇచ్చిరావాలని వెళ్లిపోయాడు. ఇక ఆశ వదులుకుని చివరి దెబ్బ వేశాను. ఢామ్మని మోత. పావురాలు లేచిపోయాయి. నేను వెనక్కి వెల్లకిలా పడ్డాను.

"ఒరేయ్ నాయనా!" అని మామగారు నా భుజం పట్టేసుకున్నారు. అప్పటిదాకా ఆయన నన్ను 'మీరు' తప్ప అనలేదు. లోపల్నుంచి అత్తగారి కేక. అందరికన్నా ముందు చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది మా ఆవిడ. "ఏమైంది? ఎక్కడ తగిలింది? చూపించండి!" అంది. జాయింటు ఊడిందని చెప్పి పళ్లికిలించాను. అదే నేను చేసిన పొరపాటు. ఆవిడ మొహం మళ్లీ తలుపేసుకుంది. వెనుదిరిగింది.

కానీ కొత్త జాయింటు ఎక్కించాలంటే చక్రాన్ని పట్టి ఉంచే కింది ఇనుప చేతిని గడ్డపారతో అదిమి పట్టాలి. ఒకరు అదిమితే ఒకరు బిగించాలి. మామగారు గడ్డపార మీద వాలితే, ఆ ఇనుప చెయ్యి దిగలేదు సరికదా ఆయనే పైకి లేచారు. అత్తగారు గేటు దాటి అల్లుడి ముందుకు రారు. మామగారు కాసేపు ఆలోచించి, గుమ్మంలో ఆగిపోయిన కూతురి వంక చూశారు. ఆవిడ వచ్చి, చీర కుచ్చెళ్లు దోపుకుని గడ్డపార మీద కూర్చుంది. నేను చక్రం ఉండాల్సిన చోట తల దూర్చాను.

"ఇంకాస్త బరువు వెయ్యాలి."

"అంటే నేను లావుగా ఉన్నాననా?"

"లేవనే కదా ఏడుపు."

గడ్డపార కిరకిరలాడింది. "చిక్కిపోయారు. తింటున్నారా సరిగ్గా?" అంది పైనుంచి మెల్లగా.

"ఒక్కడినీ తినలేకపోతున్నాను. నువ్వు లేకపోతే ఇల్లు ఇల్లులా లేదు" అన్నాను. ఎదురుగా ఉంటే ఆ మాట నా నోట వచ్చేది కాదు. ఆవిడ మొహం కనబడకపోవడం, చేతులు గ్రీజులో ఉండటం వల్ల వచ్చింది. మామగారు గొంతు సవరించుకుని, "స్పానరు తెస్తానుండండి" అని స్పానరు చేతిలో పట్టుకునే లోపలికి వెళ్లిపోయారు. ఆవిడ ఒక్కసారిగా ఇంకాస్త బరువు వేసింది. జాయింటు సుఖంగా కూర్చుంది. నా ప్రాణం కూడా. రెండోవైపు ఎలా అయిందో నాకు గుర్తే లేదు.

సాయంత్రం కారుని పరీక్షించడానికి ముగ్గురం బయల్దేరాం. నేను మామగారి పక్కన, ఆవిడ వెనక సీట్లో. నారాయణగూడ మీదుగా తిప్పారు, ఒక్కో గుంతనూ వెతికి మరీ అందులో దింపారు. ఒక్క చప్పుడు లేదు. గుండెలమీంచి బరువు దిగినట్టయింది, వెంటనే నీరసం కూడా వచ్చింది. పని అయిపోయింది, ఇక నేను రావడానికి వంక లేదు. అశోక్ నగర్‌లో నన్ను దింపుతూ మామగారు, "ఎడమవైపు సన్నగా ఏదో వినబడింది బాబూ. మీకు వినబడలేదా?" అన్నారు.

లేదన్నాను అమాయకంగా. "నాకు వినబడింది నాన్నా" అంది వెనకనుంచి ఆవిడ. "అయితే రేపు సాయంత్రం మళ్లీ తిప్పి చూడాలి" అన్నారాయన, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. ఆ చప్పుడు ఆషాఢం పొడుగునా రోజూ సాయంత్రం వస్తూనే ఉంది. రెండో రోజు నుంచి అత్తగారు కారులో ఫ్లాస్కు, మూడు గ్లాసులు పెట్టి పంపేవారు. శ్రావణం రాగానే కారు బాగుపడింది.

ఇప్పుడు మా కారు మెత్తగా, మాటా పలుకూ లేకుండా నడుస్తుంది. ఏటా ఎవరో వచ్చి తీసుకెళ్లి, బాగుచేసి, తెచ్చిపెడతారు. మేమిద్దరం ఒకే సోఫాలో చెరో ఫోను పట్టుకుని కూర్చుంటాం. ఒక్కోసారి ఒకప్పటి నాలోని ఆ గ్రీజు చేతుల కుర్రాడు గుర్తొస్తాడు. వాడి తిప్పలు తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా వేస్తుంది. మొన్న సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, "కారు ఎడమవైపు ఏదో చప్పుడు వస్తున్నట్టుంది" అన్నాను. ఆవిడ తలెత్తి నా వంక చూసింది. ఫోను పక్కన పెట్టి, ఏమీ అడక్కుండా చెప్పులు వేసుకుంది.