తాబేలుతో ఒంగోలు దాకా

ఆ రోజుల్లో మా ఇంట్లో నాకొక పేరుండేది. నూనె డబ్బా తెమ్మని పంపితే, నూనె ఎక్కడ ఒలికిందో చెప్పడానికి అందరికంటే ముందు ఇంటికి చేరేవాడినని. పదో తరగతి లెక్కల పరీక్షతో తగువు పెట్టుకొని బడి మానేశాను (ఆ పరీక్ష నన్నింకా క్షమించలేదు, నేనూ రాజీకి పోలేదు). కొత్తవాడలో మా నాన్న, అంటే బాపు, జంపఖానాలు నేస్తుంటే, నేను మగ్గం పక్కన కూర్చొని వచ్చేపోయేవాళ్ళ మీద జోకులు నేసేవాణ్ణి. ఆ వయసులో మనిషికి పెద్ద కోరికలేమీ ఉండవు, ఎవరో ఒకరు తనను నమ్మి ఒక పని అప్పజెప్పాలనే ఉంటుంది. వాడకట్టులో అలాంటి మనుషులు దొరక్క నేను కాచుకొని కూర్చుంటే, చివరికి ఒక తాబేలు వంతు వచ్చింది.

ఆ తాబేలు మా మేనత్తది. సుబేదారిలో అద్దె ఇంట్లో ఉండేది అత్త. మామయ్య పోయాక ఆ ఇంట్లో మిగిలింది ఆమె, ఆయన ముద్దుగా పెంచిన ఈ జీవి. మన చెరువుల్లో కనిపించే రకం కాదు, నేల మీదనే తిరిగే ఆఫ్రికా జాతి. మామయ్య తెచ్చిన కొత్తలో అరచేతిలో ఇమిడేదట, నాకు బుద్ధి తెలిసేసరికి ఇద్దరు పట్టి ఎత్తాల్సినంత బస్తా అయి కూర్చుంది. (దాని కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. మా చుట్టాలందరిలో కాగితాలు సరిగ్గా ఉన్న ప్రాణి అదొక్కటే.) పొద్దున్నే వాకిలంతా చుట్టి, ప్రతి మూలా తనిఖీ చేసి, పనేమీ చెయ్యకుండా వెనక్కి వచ్చేది కాబట్టి మామయ్య దానికి సర్పంచ్ అని పేరు పెట్టాడు.

ఇంటి ఓనరు ఇల్లు అమ్ముకున్నాడు. ఒంగోలులో ఉన్న చిన్నత్త, అక్కా నువ్వొచ్చి నా దగ్గరే ఉండమని పిలిచింది. అత్తకూ పోవాలనే ఉంది, కానీ సర్పంచ్ సంగతేంటి? రైల్వే పార్సిలు వాళ్ళు కుదరదన్నారు. లారీ వాళ్ళు నవ్వారు. జూకు ఇచ్చేయమని మా బాపు సలహా ఇచ్చి, అక్క చేతిలో తినాల్సినన్ని తిట్లు తిన్నాడు. వాడు రాకపోతే నేనూ రానని అత్త తెగేసి చెప్పింది. అందరూ ఒకరి మొఖం ఒకరు చూసుకుంటుంటే నేను లేచి, నేను తీస్కపోత అన్నాను.

అత్త నన్ను కాసేపు పైనుంచి కిందికి చూసింది. "నీ మీద నమ్మకముండి కాదురా బిడ్డా, ఇంకెవ్వడు ఒప్పుకుంటలేడు. మీ మామ చేతుల మీద పెరిగిండు వాడు. వానికేమన్న అయితే నువ్వు నాకు మొఖం చూపియ్యకు."

అనేసి నాకంటే ముందే రైలెక్కి ఒంగోలు పోయింది. ఆ మాట మాత్రం నా దగ్గర దిగిపోయింది. ఈ ఒక్కసారి ఒలకకుండా చేర్చాలి, అంతే.

పశువుల దవాఖానకు పోయి డాక్టరును అడిగాను. ఆయన బర్రెల మధ్య నిలబడే చెప్పాడు: తల్లకిందులు చెయ్యొద్దు, చలి తగలనియ్యొద్దు, ప్రయాణం అయ్యేదాకా తిండి పెట్టొద్దు, నీళ్ళలో అసలే దింపొద్దు, ఇది ఈదలేదు, రాయిలాగ మునుగుతుంది. అన్నిటికీ తల ఊపి, సందులున్న చెక్క పెట్టె ఒకటి చేసి తెచ్చాను. సర్పంచ్ ఆ సందుల్లోంచి బయటికి చూసింది, అటే పోవాలనుకుంది, పోయింది. చెక్కలు మాత్రం నా దగ్గర మిగిలాయి. వెలుతురు కనిపించిన వైపల్లా తోసుకుపోతుందని అప్పుడర్థమైంది. ఈసారి నాలుగు పక్కలా ప్లైవుడ్ కొట్టించి, గాలికి పైన మాత్రమే బొక్కలు పెట్టించాను. కాళ్ళు జారకుండా కింద బాపు నేసిన మందపాటి జంపఖానా పరిచాను. పెండ్లిలో పెద్దమనుషులు కూర్చునేదాని మీద తాబేలును కూర్చోబెడతావా అని బాపు గొణిగాడు. పెద్దమనుషులకంటే ఇది తక్కువ తింటది బాపూ అని ఆయన నోరు మూయించాను.

సామాన్లు మోసే ట్రాలీ బండి మా దోస్తుది. వాణ్ణి అందరం 'ఐదు నిమిషాలు' అని పిలిచేవాళ్ళం, ఎప్పుడు ఫోన్ చేసినా అంతలోనే వస్తానంటాడు కాబట్టి. చలికాలం, ఎండ పొడ వచ్చేదాకా ఆగి బయలుదేరాం. నేను ముందు సీట్లో కాదు, వెనక పెట్టె పక్కనే గోనెసంచి మీద కూర్చున్నాను. గుంత వచ్చినప్పుడల్లా పెట్టెను రెండు చేతులతో పట్టుకునేవాణ్ణి. తొర్రూరులో చాయ్ కోసం ఆపితే పత్తి అమ్మడానికి వచ్చిన రైతులు చుట్టూ మూగి, పాపం గొంతు ఎండుతదేమో అని ఒకాయన సీసా తెరిచి పైనుంచి పోయబోయాడు. ఇంకొకాయన పక్కనున్న చెరువులో కాసేపు విడవమన్నాడు. ఇద్దరికీ దండం పెట్టి, చాయ్ గ్లాసు సగంలో వదిలి బండెక్కాను. సూర్యాపేటలో అదే కథ, మిర్యాలగూడలో అదే కథ. లోకంలో ఇంత దయ ఉందని, అది ఇంత ప్రమాదమని నాకు అప్పటిదాకా తెలియదు.

కృష్ణ దాటిన తర్వాత, సాగర్ కాలువ పక్కన టైరు పంక్చరయింది. స్టెప్నీలో కూడా గాలి లేదు. 'ఐదు నిమిషాలు' రెండు చక్రాలనూ ఎవరిదో మోటారు సైకిలు మీద వేసుకొని, ఐదు నిమిషాల్లో వస్తానని వెళ్ళిపోయాడు. పొలాల్లోంచి మిరపకోతకు వచ్చినవాళ్ళు నలుగురు మగవాళ్ళు, వాళ్ళతో ఒక ముసలమ్మ, బండి దగ్గరికి వచ్చి పెట్టెలోకి తొంగిచూశారు. ఎక్కడికి తీసుకుపోతున్నావబ్బాయ్ అని ఒకతను అడిగాడు. పొద్దుటినుంచి అదే ప్రశ్న, అదే జవాబు. నా నోరు దురద పెట్టింది.

ఒంగోలులో పెద్ద పెండ్లి ఉందని, దీన్ని కూరకు తీస్కపోతున్నానని చెప్పాను.

ఎవరూ నవ్వలేదు. వీళ్ళకు జోకు అందలేదులే అనుకొని, ఎదురుగా బోరు దగ్గర మొఖం కడుక్కోవడానికి వెళ్ళాను. కండువాతో తుడుచుకుంటూ తిరిగి చూస్తే పెట్టె మూత తెరిచి ఉంది. జంపఖానా నాలుగు కొసలు నలుగురు పట్టుకొని, మధ్యలో సర్పంచ్‌ను పల్లకీలో ఊరేగించినట్టు, ఎంతో భద్రంగా, ఎంతో పుణ్యంగా కాలువ మెట్ల వైపు మోసుకుపోతున్నారు.

అంత పరుగు నేను జన్మలో తీయలేదు. పోయి మెట్లకు అడ్డంగా కూర్చుంటే, కొసలు వదలకుండానే వాళ్ళు జంపఖానాను నేల మీద దించారు. ఇది నీళ్ళ తాబేలు కాదు, మునిగి చస్తదన్నాను. తాబేలు మునగడమేందయ్యా అని వాళ్ళు నవ్వారు (ఇందాకటి జోకుకు రావలసిన నవ్వు ఇప్పుడొచ్చింది). ఇది మా అత్త పెంచుకున్నదన్నాను. ఇందాక పెళ్ళికూరన్నావుగా అన్నారు. దీని కాళ్ళు చూడండి, ఏనుగు కాళ్ళు, ఈదే కాళ్ళా ఇవి అని చూపించాను. ఏనుగులు బ్రహ్మాండంగా ఈదుతాయని ఒకతను చెప్పాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వరసగా ఇన్ని నిజాలు చెబుతుంటే ఒక్కటీ చెల్లలేదు. సరే, నన్ను దాటి పోండి అని సర్పంచ్ మీద చెయ్యివేసి అక్కడే బైఠాయించాను.

ముసలమ్మ నా మొఖం కేసి పరీక్షగా చూసింది. "పెంచినామె ఉందంటన్నావుగా. ఆమెకి ఫోన్ చెయ్, మేం వింటాం."

చెయ్యగలను. కానీ చేస్తే అత్తకు తెలిసిపోతుంది, వీడికి ఇచ్చింది ఈసారి కూడా ఒలికిందని. కాసేపు ఫోన్ చేతిలో పట్టుకొని కాలువ కేసి చూశాను. నీళ్ళు నిండుగా, తొందరగా పోతున్నాయి. స్పీకరు పెట్టి నంబరు నొక్కాను.

"అత్తా, నేనొక బుద్ధితక్కువ మాట అన్న. వీళ్ళు సర్పంచ్‌ను కాలువల విడుస్తమంటాన్రు, నన్ను నమ్ముతలేరు. నువ్వే సర్పంచ్‌తోని మాట్లాడు."

అటు నుంచి తిట్టు వస్తుందని కళ్ళు మూసుకున్నాను. తిట్టుకు బదులు, రోజూ పొద్దున సుబేదారి వాకిట్లో వినపడే గొంతే వచ్చింది. "సర్పంచ్... దా బిడ్డా, కీరకాయ తిందువు దా."

పొద్దుటినుంచి లోపలికి ముడుచుకున్న మెడ మెల్లగా బయటికి వచ్చింది. అటూ ఇటూ చూసింది. కాలువకు వీపు పెట్టి, నా చేతిలోని ఫోను వైపు ఒక అడుగు వేసింది, ఇంకొకటి వేసింది. నలుగురూ జంపఖానా కొసలు వదిలేశారు. ముసలమ్మ ఫోను లాక్కొని అత్తతో మాట్లాడటం మొదలుపెట్టింది. వాళ్ళిద్దరూ సర్పంచ్ దగ్గర మొదలై మోకాళ్ళ నొప్పుల దాకా వెళ్ళారు. ఈలోగా ఆ నలుగురే మళ్ళీ పెట్టెలోకి ఎక్కించి, దారిలో పెట్టమని ఒక పచ్చగడ్డి మోపు ఇచ్చారు. ఒంగోలు దాకా దాన్ని సర్పంచ్‌కు అందకుండా కాపాడటం ఇంకో యుద్ధం. చక్రాలతో తిరిగొచ్చిన దోస్తు ఏమన్న అయిందా అని అడిగాడు. ఏం కాలేదన్నాను. మిగతా దారంతా నేను నోరు తెరవకపోతే, ఒంట్లో బాగలేదేమోనని వాడు రెండుసార్లు బండి ఆపాడు.

దీపాలు పెట్టేవేళకు చిన్నత్త ఇంటి ముందు దిగాం. పెట్టె వాకిట్లో పెట్టి మూత తీస్తే సర్పంచ్ మళ్ళీ ముడుచుకొని ఉంది, రాయికీ దానికీ తేడా లేదు. అత్త నన్ను చూడనేలేదు. కింద కూర్చొని చిప్ప అంచుల వెంట వేళ్ళతో తడుముతూ చుట్టూ వచ్చింది, పగులేమన్నా ఉందేమోనని. కీరకాయ ముక్క ముందు పెట్టింది. ఎంతసేపటికో మెడ బయటికొచ్చింది, ముక్క కరకరమని నలిగింది. అత్త కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను వెనక్కి తిరిగి జంపఖానా మడిచే పని పెట్టుకున్నాను.

ఇప్పుడు నేనూ ఇద్దరు పిల్లల తండ్రినయ్యాను, నన్ను నమ్మి పనులు అప్పజెప్పేవాళ్ళు అవసరానికి మించే ఉన్నారు. ఒంగోలు పోయినప్పుడల్లా సర్పంచ్ పక్కన కాసేపు కూర్చుంటాను. అప్పుడు గోనెసంచి మీద కూర్చొని గుంతగుంతకూ పెట్టెను కావలించుకున్న ఆ పిల్లగాడు గుర్తొస్తాడు. వాణ్ణి ఒకసారి పిలిచి, వీపు తట్టి, చాయ్ తాగించాలనిపిస్తుంది.

ఆ సాయంత్రం మాత్రం వాడికి అంత ఓపిక లేదు. అన్నం ముందు కూర్చొని ఆగలేక అడిగేశాడు: అత్తా, ఒక్క గీత పడకుండ తెచ్చిన, ఒక్క మెప్పు మాటన్న అనవా?

అత్త పప్పు వడ్డిస్తూ తల కూడా ఎత్తలేదు. "మెచ్చుకునేది వాణ్ణిరా. పొద్దందాక నీ పక్కన కూసొని కూడ ప్రాణంతోని వచ్చిండు."