పెరోల్ మీదొచ్చిన ఆడబిడ్డ

ఒక్క మాట! ఒకే ఒక్క మాట నోరు జారిన, పొద్దుగూకేసరికి మా పురానాపూల్ గల్లీల నేను ఖైదీనయిపోయిన! నవ్వకుండ్రే, నవ్వకుండ్రి. మీకు కామెడీ గనీ, ఆ వారం నా పరిస్థితి నాకే ఎరుక. మా సన్నీగాని లగ్గం తప్పిపోయేదాంక వచ్చింది తెల్సా! మొదటికెల్లి చెప్త, చాయ్ తాగుకుంట ఇనుండ్రి.

మా ఆయనది, నాది గ్రీన్ కార్డు అప్లికేషన్ పెండింగ్‌ల ఉన్నది, మీకు తెల్సిందే. నేను అమెరికాల నర్సు నౌకరిల చేరినప్పుడు వరుసల నిలవడ్డం, ఇప్పటికి పన్నెండేండ్లాయె. ఆ వరుస కదులుతలేదు. ఇగ దీనితోని లొల్లి ఏందంటే, కార్డు చేతికి రాకముందు దేశం దాటితే, వద్దనుకొని పోయిండ్రని అప్లికేషన్ కొట్టేస్తరు. దాటాల్నంటే, మమ్ముల మళ్ళ రానియ్యుండ్రి అని ముందుగాలనే పర్మిషన్ తీస్కోవాలె. గా పర్మిషన్ పేరు అడ్వాన్స్ పెరోల్. ఆ పేరు పెట్టినోని చేతులు ఇరగ! ఇంకో మాటనే దొరకలేదా వానికి?

సన్నీ అంటే మా తమ్ముడు. ఫలక్‌నుమాల రూత్ అనే పిల్లను ఇష్టపడ్డడు. ఆ పిల్ల తండ్రి దేవసహాయం అంకుల్‌ను ఒప్పించేసరికి వీని నెత్తి మీద వెంట్రుకలు సగం ఊడినయ్. అంకుల్ జైల్ల వార్డర్‌గ చేసి రిటైర్ అయిండు. మనిషి నవ్వడు. ఆయన ఇంటికి పోతే చెప్పులు సక్కగ ఇడిసినమా లేదా అని చూస్తడు. "కుటుంబం మీద ఒక్క మచ్చ ఉండొద్దు" అని మొదటి రోజే చెప్పిండంట. ఎట్లనో ఒప్పుకున్నడు, ప్రధానం పెట్టుకున్నరు. ప్రధానమంటే మా చర్చిల ఉంగరాలు మార్చుకునుడు. ఉన్న ఒక్క తమ్ముడాయె, అక్క లేకుంటే ఎట్ల? పెరోల్ తీస్కొని ఇమానం ఎక్కిన.

ఆటో దిగంగనే మా అమ్మ గల్లీలనే అడిగింది. "కార్డు రాలేదంటివి గదనే, మరెట్ల ఇడిసిండ్రు నిన్ను?"

నేను సూట్‌కేసు గుంజుకుంట, "పెరోల్ మీదొచ్చినమ్మా!" అని గట్టిగ అన్న.

పక్కనే మల్లమ్మత్త పాల క్యాన్ పట్టుకొని నిలవడ్డది. మా పక్కింటామె. వాళ్ళకు బర్లున్నయ్, మా గల్లీల ఇంటింటికి పాలు పోసేది ఆమెనే. ఇగ చెప్పాల్నా! ఆ రోజు పాలు ఎవరికెంత పోసిందో తెల్వదు గనీ, పెరోల్ మాత్రం అందరికి కొసరేసి పోసింది.

తెల్లారి నన్ను చూడొచ్చినోళ్ళు ఒక్కొక్కరు నా నెత్తి నిమురుతున్నరు. చేతులు పట్టుకుంటున్నరు. చాన రోజులకొచ్చిన గద, ప్రేమ, పావురం ఉంటది గదా అనుకున్న. మస్తు ఖుషీల ఉన్న నేను.

మల్లమ్మత్త నా పక్కన కూసొని మెల్లగ అడిగింది. "ఆడ తిండెట్ల పెడ్తరు బిడ్డా?"

"ఏం తిండత్తా, సప్పిడి తిండి. డ్యూటీల రెండు బ్రెడ్డు ముక్కలు, ఉడకబెట్టిన కూర."

"పని బాగ చేపిస్తరా?"

"చేపించకుండ ఇడుస్తరా? పొద్దుగాలకెల్లి రాత్రిదాంక నిలవడే చేయాలె."

"మరి బట్టలు?"

"అందరికి ఒక్కతీరు నీలం బట్టలే. మెడల నంబర్ బిళ్ళ."

"బయటికి ఇడువరా?"

"చలికాలంల బయటికి యాడ పోతమత్తా? కిటికీలకెల్లి చూసుకుంట కూసునుడే."

అత్త కొంగుతోని కండ్లు ఒత్తుకున్నది. ఇంటికి పోయి గిన్నెడు జున్ను తెచ్చిచ్చింది. నేను లొట్టలేసుకుంట మొత్తం తిన్న. ఈమె ఎందుకు ఏడుస్తుందని అడగాల్నన్న బుద్ధి గూడ పుట్టలేదు నాకు.

ఆ మధ్యాహ్నం హుస్సేనీ ఆలంల రషీద్ భాయ్ దగ్గరికి జాకెట్ కుట్టిచ్చుకుందామని పోయిన. చిన్నప్పటికెల్లి మా ఇంటిల్లిపాది బట్టలు ఆయనే కుడ్తడు. ఆయన బేగం కొలతలు తీస్తున్నది. భాయ్ మిషన్ మీదికెల్లి తల ఎత్తకుండనే అన్నడు, "ఫికర్ నక్కో కరో బేటీ. మేరా సాలా భీ దో సాల్ అందర్ థా. అబ్ దేఖో, ఖుద్ కీ దుకాన్ హై."

రెండేండ్లు లోపటున్న బావమరిది ఇప్పుడు సొంత దుకాణం పెట్టుకున్నడంటే మంచిదే. "అందర్ అంటే యాడ భాయ్?" అన్న.

"జైల్ మే. ఔర్ కహా?"

"మరి నాకెందుకు చెప్తున్నవ్?"

ఆయన మిషన్ ఆగింది. బేగం చేతుల టేపు ఆగింది. మొగుడు పెండ్లాలు ఒకరి మొకం ఒకరు చూసుకున్నరు. అప్పుడు ఎలిగింది నా బుర్రల లైటు! సప్పిడి తిండి, నీలం బట్టలు, నంబర్ బిళ్ళ... ఓరి దేవుడా, నా నోటితోని నేనే వాంగ్మూలం ఇచ్చుకున్న గదా!

ఉరికిన ఇంటికి. గల్లీల అప్పటికే రెండు కథలు నడుస్తున్నయ్. రోగికి తప్పు సూది ఇచ్చిన్నంట, అది ఒకటి. పెద్ద డాక్టర్ చెంప పగలగొట్టిన్నంట, అది ఇంకోటి. నిజం చెప్పాల్నంటే రెండోది నాకు కొంచెం నచ్చింది. అయినా నలుగుర్ని వాకిట్ల నిలవెట్టి చెప్పుడు మొదలువెట్టిన.

"అత్తా, నా మీద ఏం కేసు లేదు. నా కేసు పెండింగ్‌ల ఉన్నది, గంతే."

"అయ్యో, ఇంక తీర్పు రాలేదా బిడ్డా?"

"తీర్పు కాదత్తా! మా లాయర్ ఏమంటడంటే..."

"లాయర్‌ను గూడ పెట్టుకున్నవా!"

"అందరు పెట్టుకుంటరు. ఫోటో తీసిండ్రు, వేలిముద్రలు తీస్కున్నరు, ఇగ ఆఫీసర్ పిలిస్తే..."

ఒక్కో మాటకు వాళ్ళు ఒక్కో అడుగు ఎనకకు జరుగుతున్నరు. "అది అడ్వాన్స్ పెరోల్ అత్తా..." అన్ననో లేదో, "దానికి అడ్వాన్స్ గూడ కట్టిచ్చుకున్నరా, పాపపోళ్ళు!" అన్నది మల్లమ్మత్త. నోరు మంచిదైతే ఊరు మంచిదైతదంటరు. నా నోరు మంచిదే గనీ, ఈ ఇమిగ్రేషన్ల ఒక్క మాట గూడ మంచిది లేదు. నోరు మూసుకొని లోపటికి పోయిన.

సన్నీగాడు హెల్మెట్ తీయకుండనే ఇంట్లకొచ్చిండు. "అక్కా, రూత్ ఫోన్ చేసింది. వాళ్ళ డాడీకి తెలిసిందంట. పొద్దుగాల వస్తున్నడంట." అమ్మ ఏడుపు అందుకున్నది. వాడు నా దిక్కు చూసి, "నా లగ్గానికొచ్చినవా, లగ్గం ఆపనీకొచ్చినవా?" అన్నడు. చిన్నప్పుడు వాన్ని నడుం మీద ఎత్తుకొని తిప్పినదాన్ని. ఆ మాటకు నాకు మస్తు బాధయింది.

పొద్దుగాల దేవసహాయం అంకుల్ వచ్చిండు. చెప్పులు గోడకు సక్కగ ఇడిసి, కుర్చీల నిటారుగ కూసున్నడు. చాయ్ ఇస్తే ముట్టలేదు.

"నీతోని ఎస్కార్ట్ ఎవరొచ్చిండ్రమ్మా?" అని నన్నడిగిండు.

"ఎవరు రాలేదంకుల్. ఒక్కదాన్నే వచ్చిన."

"పోలీసోళ్ళు లేకుండ? ఒక్కదానివే?" కండ్లు పెద్దగ చేసిండు. "ఎన్ని రోజులిచ్చిండ్రు?"

"ఇంక ఏడాది దాంక చెల్లుతదంకుల్."

ఆయన మా అమ్మ దిక్కు తిరిగిండు. "అక్కా, నా సర్వీసు మొత్తంల ఏడాది పెరోల్ నేను చూడలే. నడవడిక మంచిగుంటేనే ఇస్తరు. లోపట గూడ మీ బిడ్డ మంచి పేరు తెచ్చుకున్నది. నాకేం అభ్యంతరం లేదు."

చూసిండ్రా! సంబంధం నిలవడ్డది! తలుపు సాటుకెల్లి సన్నీగాడు రెండు చేతులు జోడిస్తున్నడు, ఒప్పుకో అక్కా, జైల్ల ఉన్నా అని ఒప్పుకో అని. నేను నేరస్తురాలినైతే వాని లగ్గమైతది. తమ్ముని కోసం ఏమైన చేస్త గనీ, నా కోపం సంగతి మీకు తెల్సు గద. "నేను జైల్ల లేనంకుల్!" అని ఒర్లిన. మొత్తం చెప్పిన.

ఆయన సావధానంగ ఇన్నడు. "జైల్లకెల్లి బయటికి పోనీకి పెరోల్ ఇస్తరు గనీ, లోపటికి పోనీకి పెరోల్ ఏందమ్మా?"

"ఆడ గట్లనే అంకుల్."

"కార్డు ఎప్పుడిస్తరు?"

"తెల్వదు."

"తారీఖు చెప్పలే?"

"చెప్పరంకుల్."

"పన్నెండేండ్ల సంది? ఏం తప్పు చేయకుండనే?"

"చేయకుండనే."

ఆయన అద్దాలు తీసిండు. "మా దగ్గర ఖూనీ చేసినోనికి గూడ ఫలానప్పుడు ఇడుస్తరని ఒక ఆశ ఉంటుండె బిడ్డా. గోడ మీద గీతలు గీసుకుంటుండె. నీకు అది గూడ లేకపాయెనా!" చల్లారిన చాయ్ ఒక్క గుక్కల తాగి, ఇంకో కప్పు అడిగిండు. అది తాగుకుంట అన్నడు, "ఈమె మళ్ళ ఎప్పుడొస్తదో ఏమో. వాపస్ పోకముందే పెండ్లి గూడ చేసేద్దాం." సన్నీగాడు తలుపు సాటుకెల్లి ఉరికొచ్చి ఆయన కాళ్ళ మీద పడ్డడు. మా అమ్మ మళ్ళ ఏడ్చింది, ఈసారి నవ్వుకుంట.

ప్రధానం రోజు చర్చి నిండిపోయింది. గల్లీల ఉన్నోళ్ళంత వచ్చిండ్రు, మల్లమ్మత్తతోని సహా. ఉంగరాలు మార్చుకున్నరు. అంతా అయిపోయిందిగదా అని నేను ఊపిరి పీల్చుకున్న. అప్పుడు పాస్టరయ్య నన్ను ముందుకు పిలిచిండు. అంకుల్ ఆయనకు నా సంగతి చెప్పి, ఈ పిల్ల కోసం ప్రార్థన చేయుండ్రని అడిగిండంట. మోకాళ్ళ మీద కూసున్న. పాస్టరయ్య నా నెత్తి మీద చెయ్యి పెట్టి మైకుల ఎత్తుకున్నడు.

"ప్రభువా! దూరదేశములో చెరలో ఉన్న నీ కుమార్తెను జ్ఞాపకము చేసికొనుము! ఆమె సంకెళ్ళను తెంపుము! త్వరలో ఆమెకు విడుదల దయచేయుము తండ్రీ!"

అయిపాయె! ఒక కన్ను తెరిచి చూసిన. గల్లీ మొత్తం, చూసినవా, మేమన్నది నిజమే గదా అన్నట్టు తలలూపుతున్నరు. కాదయ్యా, నేను జైల్ల లేను అని లేచి చెప్పాల్నని నోరు గూడ తెరిచిన. అప్పుడు ఆలోచన వచ్చింది. పాస్టరయ్య అన్నదాంట్ల తప్పేమున్నది? ఎతికిన, ఎతికిన, ఒక్క మాట దొరకలేదు.

చర్చి అంత ఆమెన్ అన్నది. అందరికంటే గట్టిగ అన్నది నేనే!