సేటు గురక మిషన్

నిన్న వనపర్తి బస్టాండులో నేను టీ తాగుతుంటే, పక్కన ఆగిన బస్సు బ్రేకు గాలి వదిలి బుస్సుమంది. గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. గాలి బయటికి పోయే ఆ చప్పుడు వింటే నాకు నసీమా డాక్టరమ్మ గుర్తుకొస్తుంది. మా ఊళ్లో చిన్న దవాఖాన నడిపిన ఆమె నాకంటే వయసులో చాలా చిన్నది. అయినా నాకు గురువు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలు అవి. ఐదో తరగతితో బడి విడిచి, మోటార్లు, ఇన్వర్టర్లు బాగుచేసుకుంటూ, దొరికిన పుస్తకమల్లా చదివి, నాకు తెలియనిది లేదని విర్రవీగే రోజులు.

పెద్దమందడి వైపు నుంచి అంజమ్మ అనే రైతును తెచ్చారు. కట్లపాము కరిచింది. విరుగుడు సూదులు పడ్డాయి కానీ, ఊపిరి ఆడించే కండరాలు అప్పటికే చచ్చుబడ్డాయి. గొంతులో గొట్టం వేసి, దానికి తగిలించిన రబ్బరు బుడ్డను ఆమె తమ్ముడు బాలయ్య పిసుకుతున్నాడు. చేతులు ఆగితే అక్క దక్కదు. విషం దిగేదాకా ఊపిరి నిలపాలి. అందుకు పెద్ద మిషన్ కావాలి. అది మాకు అందుబాటులో లేదు, దొరికిన అంబులెన్సులోనూ లేదు. ఓట్లడగ వచ్చినవాళ్ల కార్లలో మాత్రం చల్లగాలి మిషన్లుండేవి. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అప్పుడు డాక్టరమ్మకు బట్టల సేటు గుర్తొచ్చాడు. నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకు, ముక్కుకు తగిలించుకునే చిన్న గాలి మిషన్ ఆయన ఇంట్లో ఉంది.

“మరి నేను పండుకునేదెట్లమ్మా?” అన్నాడట సేటు.

“జర రెండు దినాలు కుర్చీల కూసొని కునుకు తియ్యుండ్రి సేట్‌సాబ్. మీ గురక బజారు మొత్తానికి ఎర్కనే.”

ఆయన దాన్ని శాలువాలో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు తానే మోసుకొచ్చాడు.

కరెంటు పోయినా మిషన్ ఆగకూడదని నన్ను పిలిపించారు. నేను ఇన్వర్టర్ బిగిస్తుంటే, ఆమె హైదరాబాదులోని తన పాత ప్రొఫెసరుకు ఫోన్ చేసింది. మా అందరి ముందే, “మనిషి ఊపిరి తియ్యకున్నా ఇది గాలి ఊదుతది సార్. గొంతుల గొట్టానికి ఎట్ల కలపాలెనో నాకు తెల్వదు, చెప్పుండ్రి” అంది.

“డాక్టరమ్మనే తెల్వదంటుందేందన్నా?” అని బాలయ్య గొణిగాడు. నేనూ నివ్వెరపోయాను.

ప్రొఫెసరు చెప్పినట్టు ఆమె గొట్టాల నడుమ రంధ్రమున్న ముక్క ఒకటి పెట్టింది. అందులోంచి గాలి బయటికి కొడుతోంది. లీకు చూస్తే నా చేతులు ఊరుకుంటాయా? టేపు చించి చుట్టబోయాను. డాక్టరమ్మ నా మణికట్టు పట్టుకుంది.

“ఆగన్నా! పంక్చర్ అనుకున్నవా? మిషన్ ఊదుడే గాని గుంజుడు లేదు. ఆమె ఇడిసిన గాలి ఏడికెళ్లి పోవాలె? గిది మూస్తె ఇడిసిందే మళ్ల లోపలికి పోతది.”

అంతవరకు నాకు పని చెప్పినవాళ్లే గాని, ఎందుకో చెప్పినవాళ్లు లేరు.

మిషన్ నడిచినా డాక్టరమ్మ అంజమ్మ మంచం పక్కనుంచి కదలలేదు. “ఇది అసలు మిషన్ గాదు. నమ్మి కండ్లు మూస్తె మోసం చేస్తది” అని బుడ్డను పక్కనే పెట్టుకుంది. బాలయ్యతో, “మీ అక్కకు అన్నీ ఇనొస్తయి. మాట్లాడు” అంది.

“అక్కా, బర్రె నన్ను తన్నింది. నువ్వొస్తెనే పాలిస్తదట. జల్ది లే” అన్నాడతను, ఏడుస్తూ.

మర్నాడు మధ్యాహ్నం అంజమ్మ కనురెప్ప కదిలింది. తర్వాత వేళ్లు. ఊపిరి తనే తీసుకోగలిగి, గొట్టం తీశాక, బొంగురు గొంతుతో ఆమె అడిగిన మొదటి మాట, “పాలెవరు పిండిన్రు?”

ఆ సంతోషంలో బాలయ్య నన్ను నిలదీశాడు. “అన్నా, ఆ బొక్కల నుంచి మంచిగాలి గూడ పాయె గద. మరి అక్కకు తక్కువెందుకు పడలె?”

ఏదో ఒకటి అల్లి చెప్పడానికి నోరు తెరిచాను. ఎదురుగా డాక్టరమ్మ. నోటివెంట వేరే మాట వచ్చింది.

“తెల్వదు తమ్మీ. పా, అడుగుదాం.”

లీకైనంత గాలిని మిషన్ కలిపి ఊదుతుందని ఆమె మా ఇద్దరికీ బొమ్మ గీసి చూపించింది.

‘తెల్వదు’ అనే ఆ ఒక్క మాట అనలేక ఊళ్లను ముంచిన పెద్దమనుషులను నా కళ్లతో చూశాను. వాళ్లమీద నా కోపం చావదు. నన్ను మాత్రం ఈ వయసులో ఎవరైనా తెలియనిది అడిగితే, తెలియదని గట్టిగా అంటాను. కండువా భుజాన వేసుకుని, అడిగినవాణ్ని వెంటబెట్టుకుని, తెలిసినవాళ్ల ఇంటికి బయలుదేరతాను.