పాపకు ఒక అరై

తమిళంలో 'అరై' అంటే గది. చెంపదెబ్బకూ అదే మాట. ఈ సంగతి తిరువళ్లూరులో అందరికీ తెలుసు. మా ప్రత్యేక పిల్లల బడి గుమస్తాకు మాత్రం సమయానికి గుర్తు రాలేదు. ఒక తల్లికి ఫోను చేసి, "మీ పాపకు కొత్తగా ఒక అరై రెడీగా ఉంది, రేపు రండి" అన్నాడు.

మర్నాడు బడి తెరిచేసరికే ఆమె కడంబత్తూరు నుంచి కూతురితో వచ్చేసింది.

"ముందే చెప్పి కొట్టే బడిని నేను యాడా చూడలేదు సార్."

అది గది అని చెప్పాను. మసక వెలుతురు, మెత్తటి పరుపులు, రంగులు మారే నీటి బుడగల గొట్టం ఉంటాయన్నాను. మసక అనే మాట నాకేమీ సాయపడలేదు.

"పాప ఒక్కసారి ఏడ్చిందంటే పిలుచుకొని పోతా. మళ్లా తీసుకొని రాను."

పాపకు పద్నాలుగేళ్లు. మాటలు లేవు. క్లాసులో చప్పుడు ఎక్కువైతే చెయ్యి కొరుక్కుంటుంది. ఇంతవరకూ ఎవరినీ ఏదీ అడిగింది లేదు.

గదిలో పాఠం చెప్పేది మా సీనియర్ టీచరు. అందరికీ అక్క. ఆవిడ బోధనా పద్ధతి ఏమీ చెప్పకపోవడం. ఉపన్యాసాలు నేర్చుకుని టీచరు డిగ్రీ తెచ్చుకున్న నాకు ఇది కొంచెం ఇబ్బందే.

అందరం గదిలోకి వెళ్లగానే పాప గొట్టానికి చెంప ఆనించింది. బుడగలు పైకి పోతుంటే, నోట్లోని చెయ్యి దానంతటదే జారింది. అంతలో బుడగలు ఆగిపోయాయి. ఎర్ర స్విచ్ నొక్కితేనే మళ్లీ వస్తాయి. తల్లి చెయ్యి చాచింది.

"ఆగు చెల్లీ," అంది అక్క.

"దానికి తెలీదు కదక్కా."

"తెలిసేదానికే ఆపినాము."

అరక్కోణం జంక్షనులో రైళ్ల కోసం కాచుకున్న అనుభవం నాకుంది. అక్కడ కనీసం టీ దొరుకుతుంది.

పాప తన చెయ్యి స్విచ్ వైపు చాచనే లేదు. తన తల్లి మణికట్టును పట్టుకుని లాగి, ఆమె చేతిని స్విచ్ మీద పెట్టింది. పాప తానే నొక్కుతుందని ఎదురుచూసిన నేను పాఠం తప్పిందనుకున్నాను.

"ఇప్పుడు నొక్కు. అడిగింది కదా," అంది అక్క.

బుడగలు వచ్చాయి, ఆగాయి. పాప మళ్లీ మణికట్టు పట్టుకుంది.

"ఇది నన్ను అడగతా ఉందక్కా," అంది తల్లి, గొంతు తగ్గించి. "ఇన్నేండ్లూ మొగం చూసి నేనే ముందర ముందర ఇచ్చేస్తి."

"ఇంక కొంచెం ఆలస్యంగా ఇయ్యి."

ఇంత చిన్న మాటలో ఇంత చదువు పట్టడం నేను ఏ కాలేజీలోనూ చూడలేదు. అక్క అప్పటికే పరుపు సర్దుకుంటోంది.

వెళ్లేటప్పుడు ఆ తల్లి గేటు దగ్గర గుమస్తాను ఆపింది.

"సార్, రేపు కూడా పాపకు ఒక అరై ఇయ్యండి."

"తప్పకుండా ఇస్తామమ్మా."

వాళ్ల కోసం ఆగి ఉన్న ఆటో డ్రైవరు మమ్మల్ని అదోలా చూశాడు. వివరించబోయాను. కానీ పాప తన తల్లి మణికట్టును పట్టుకుని, వెనక్కి, గది వైపు లాగుతోంది. తల్లి వెంటనే కదల్లేదు. కొంచెం ఆగి, అప్పుడు పాప వెంట వెళ్లింది.