చెప్పే చెప్పులు

ముందు చప్పుడు వచ్చింది. మనిషి ఇంకా రాలేదు.

టక్. కాస్త ఆగి, మళ్ళీ టక్. కింద మొదటి మెట్టు దగ్గర పుట్టి, గోడను తడుముకుంటూ మలుపు తిరిగి, పైకి ఎక్కి వస్తోంది. ఎక్కడా తొందర లేదు. ఏ మెట్టు వాటా ఆ మెట్టుకు ఇచ్చి మరీ వస్తున్నట్టుంది. రెండో అంతస్తులో ఎవరిదో తలుపు తెరుచుకుంది. "ఏం పిన్నీ, బజారునుంచేనా?" అన్న మాట, దానికి బదులుగా ఒక నవ్వు, తర్వాత మళ్ళీ టక్.

మూడో అంతస్తు వంటింట్లో ఆమె భర్త పొయ్యి మంట తగ్గించి, చెవి అటు పడేశాడు. బస్సు నడిపీ నడిపీ ఆయనకు ఒక చెవి ఎప్పుడో మొద్దుబారింది. రెండో చెవితోనే విని, ముఖమంతా నవ్వు చేసుకున్నాడు.

"వస్తోందండీ మహారాణి," అన్నాడు, ఆమె కథ రాసుకోవడానికి వచ్చి ముందు గదిలో ఎదురుచూస్తున్నవాళ్ళతో. "ఇదివరకైతే వీపు వెనక నిలబడి పలకరించేదాకా తెలిసేది కాదు. ఉలిక్కిపడి నేను పగలగొట్టిన గ్లాసులతో ఒక కొట్టు పెట్టుకోవచ్చు."

తలుపు తెరుచుకుంది. ముందు ఇటుక రంగు చెప్పుల జత, దాని వెనక ఆమె.

ఆమెకు పేరు లేక కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఆ పేరు మీద ఇంకో పేరు వచ్చి కూర్చుంది. దూదమ్మ. పసిపిల్లల వార్డులో నర్సు. అక్కడ నిద్ర పాల మీద మీగడలాంటిది, ఊదితే చెదిరిపోతుంది. ఒక బుడ్డోడు గొంతు విప్పాడంటే వరుసంతా అందుకునేది. అందుకని ఆమె తాళాలగుత్తికి దూది చుట్టింది. ట్రాలీ చక్రాలకు పిల్లల ఒంటికి రాసే నూనెలోంచే రెండు చుక్కలు పోసింది. స్టీలు గిన్నె కింద మడతపెట్టిన గుడ్డ వేసింది. తెల్ల కాన్వాసు బూట్ల రబ్బరు తడి నేల మీద కీచుమంటుందని, పాదం అంచు మీద బరువు వేసి నడవడం నేర్చుకుంది.

ఆ నడక వార్డులో ఆగలేదు. ఆమెతో పాటు బస్సెక్కి ఇంటికి కూడా వచ్చేసింది.

"నడిచి వస్తావా, నేలలోంచి మొలుస్తావా?" అనేవాడు భర్త. "కాస్త దగ్గి రావే, పుణ్యముంటుంది." తోటి డ్రైవర్ల దగ్గర మాత్రం గొప్పలు పోయేవాడు. "మా ఇంట్లో హారను నేను, బ్రేకు మా ఆవిడ."

చప్పుడు లేని మనిషికి ఒక చిక్కుంది. వద్దన్నా మాటలు చెవిన పడతాయి. గుమ్మం దాకా వచ్చేసరికి లోపల తన గురించే ఏదో అనుకుంటూ ఉంటారు. అప్పుడు దూదమ్మ వచ్చినంత మెత్తగానే వెనక్కి తిరిగేది. విన్నది మింగేసి, కాసేపాగి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ వచ్చేది. అలా మింగినవి ఎన్నో. అరిగిపోయాయనే అనుకుంది.

రిటైర్మెంటు దగ్గరపడిన రోజుల్లో, ఉతికిన దుప్పట్లు ఎత్తుకుని వెళుతూ పెద్ద డాక్టరు గది ముందు అలాగే ఆగిపోయింది. వీడ్కోలు సభలో తను మాట్లాడబోయేది ఆయన హెడ్ నర్సుకు వినిపిస్తున్నాడు.

"ఆవిడ గొప్పతనం ఏమిటంటే, ఇన్నేళ్ళలో వార్డులో ఆవిడ ఉన్నట్టే తెలియలేదు."

"అబ్బ! ఎంత బాగా చెప్పారు సార్," అంది హెడ్ నర్సు.

మెచ్చుకోలే, తిట్టు కాదు. తిట్టయితే బాగుండేది, తిరిగి తిట్టడానికైనా వీలుండేది. దూదమ్మ దుప్పట్లను గుండెకు ఆనించుకుని నిలబడిపోయింది. ఉన్నట్టే తెలియలేదు. ఆ మాట చేపముల్లులా గొంతుకు అడ్డం పడింది. నీళ్ళు తాగినా దిగలేదు, అన్నం ముద్ద మింగినా దిగలేదు. ఆ మాటను మైకులో పెట్టి, తనను పక్కన కూర్చోబెట్టి, అందరిచేతా చప్పట్లు కొట్టించబోతున్నారు.

ఆ వారంలోనే కూతురు ఫోన్ చేసింది. మహానగరంలో కొత్త ఉద్యోగం వచ్చింది. మంచి బట్టలు కొనుక్కోవాలి, అమ్మ తోడు కావాలి.

"నాకు ఆఫీసుకు తొడుక్కునే కోట్లు రెండు, నీకో జత చెప్పులు. నీ సభలో ఆ కాన్వాసు బూట్లతో కూర్చున్నావంటే నా పరువు గంగలో కలుస్తుంది. అసలే ఫోటోలు తీస్తారు."

ఆ మహానగరపు వీధిలో ఎండ కూడా ఇస్త్రీ చేసినట్టుంది. అద్దాల వెనక బొమ్మలు ఖరీదైన కోట్లు తొడుక్కుని, ఒక్కదానికీ తల లేకుండా, నడుం మీద చెయ్యేసుకుని నిలబడి ఉన్నాయి.

"తలకాయ ఉన్నవాళ్ళు కొనరనా ఏమిటే?" అంది దూదమ్మ.

"అమ్మా, మెల్లగా! లోపల ఇలాంటివి అనకు."

షాపు పేరు ఎవరో డిజైనరు పేరట. పలకాలంటే నాలుక రెండు మెలికలు తిరగాలి. లోపల చెప్పులు గూళ్ళలో ఒక్కొక్కటే, జత లేకుండా, నెత్తిన చిన్న దీపం వెలిగించుకుని కూర్చున్నాయి. నేలంతా తివాచీ. ఎంత మందమంటే అడుగు పెడితే చీలమండ దాకా మబ్బులో దిగినట్టు. ఇంతమంది తిరుగుతున్నా ఎవరి కాలూ వినిపించడం లేదు. వార్డులాగే ఉంది, పిల్లలే లేరు.

ఆమె సంచుల గూళ్ళ వెంట అలా తిరిగి వచ్చేసరికి, కూతురు అటు తిరిగి సేల్స్ అమ్మాయితో చెబుతోంది.

"మా అమ్మకండీ. ఎత్తు వద్దు, రంగు వద్దు, చప్పుడు అసలే వద్దు. ఏదిచ్చినా వేసుకుంటుంది. మా అమ్మతో ఏ పేచీ ఉండదు, ఇంట్లో ఉన్నట్టే తెలియదు."

సేల్స్ అమ్మాయి కూతురి భుజం మీదుగా చూసి కళ్ళు పెద్దవి చేసింది. కూతురు గిరుక్కున తిరిగింది.

"అమ్మా! ఎప్పుడొచ్చావ్?"

"నువ్వు పుట్టకముందే వచ్చాను," అంది దూదమ్మ.

"అది కాదమ్మా, మంచిగానే అన్నాను."

"పెద్ద డాక్టరు కూడా మంచిగానే అన్నాడులే."

ఎప్పటిలాగా వెనక్కి తిరిగి, కాసేపాగి, మళ్ళీ రావచ్చు. కాళ్ళకు అది బాగా అలవాటు. కానీ ఈసారి కాళ్ళు కదలలేదు. దూదమ్మ వెళ్ళి మధ్యలో ఉన్న మెత్తటి కుర్చీలో కూర్చుంది. కాన్వాసు బూట్ల ముడులు విప్పి పక్కన పెట్టింది.

"అమ్మాయ్, మీ దగ్గర అన్నిటికంటే పెద్ద చప్పుడు చేసేవి పట్రా."

"సౌండా ఆంటీ? అంటే... మేడమ్?"

"ఆంటీ అనే అను. సౌండే."

ఈ మాట విని మేనేజరు చేతులు కట్టుకుని వచ్చాడు. "మేడమ్, మా డిజైనర్ ప్రత్యేకతే అది. వేసుకుంటే మేఘం మీద నడిచినట్టుంటుంది. అడుగు వినిపించదు."

"ఆ మేఘం మీద చాలా తిరిగాను నాయనా. దిగుదామనే వచ్చాను." ఒక చెప్పు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "అయినా దీన్ని చెప్పు అని ఎందుకన్నారు మరి? ఏదో ఒకటి చెప్పాలిగా!"

సేల్స్ అమ్మాయి నవ్వబోయి, మేనేజరు ముఖం చూసి, ఆ నవ్వును దగ్గుగా మార్చుకుంది. పెట్టెలు తెచ్చింది. దూదమ్మ ఒక జత వేసుకుని నాలుగడుగులు వేసింది. తివాచీ ఆ అడుగులన్నీ తాగేసింది. ఇంకో జత, అదీ అంతే.

"దీని మీద ఏనుగు నడిచినా వినపడదే," అని గొణుక్కుంది. అప్పుడు తోచింది. చెప్పులు రెండూ విప్పి, చేతులకు తొడుక్కుని, గాజు కౌంటరు మీద వాటిని నడిపించింది.

షాపంతా ఇటు తిరిగింది.

"మేడమ్, గ్లాస్! గ్లాస్!" అన్నాడు మేనేజరు.

"ఆస్పత్రిలో పనిచేస్తాను, గాజు మీద చెయ్యి ఎంత వేయాలో తెలుసులే." చెవి వంచి వింది. "ఇది గొణుగుతోంది. తీసెయ్. ఇదేమో జలుబు చేసినట్టుంది."

తర్వాత ఆ ఇటుక రంగు జత వచ్చింది. పాదం మీద ఒక సన్నటి పట్టీ, కింద చెక్క మడమ. కౌంటరు మీద ఆనించగానే టక్ అంది. గట్టిగా కాదు, స్పష్టంగా. తలుపు తట్టి, తీసేదాకా నిలబడే మనిషిలా.

"ఇది మాట్లాడింది," అంది దూదమ్మ.

"అమ్మా, అందరూ చూస్తున్నారు."

"వింటున్నారు కూడా."

కూతురు ధర చీటీని రెండుసార్లు తిప్పి చూసింది. ధర ఊసెత్తకుండా, "ఈ వయసులో ఆ రంగేమిటమ్మా, ఆ ఎత్తేమిటి? నీ మోకాళ్ళు..." అంది.

"మోకాళ్ళు నావి, జీతం నాది. మధ్యలో చెవులొక్కటే మీవి. కాస్త ఓర్చుకోండి."

జత వేసుకుని లేచి, తలుపు దగ్గర తివాచీ అయిపోయి రాతి పలకలు మొదలయ్యే చోటికి బయలుదేరింది. కాపలా మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు. "బిల్లు కాకుండా ఇటు రాకూడదమ్మా."

"పారిపోయేదాన్నయితే నా పాత బూట్లే వేసుకుందును. ఇవి వేసుకుని ఎవరైనా పారిపోతారా అన్నయ్యా? ఊరంతా వినపడుతుంది."

ఆయన చెయ్యి దానంతటదే దిగింది. ఆమె మబ్బు అంచు దాటి రాతి మీద కాలు పెట్టింది.

టక్.

తన చప్పుడు తాను విని ఎంత కాలమైందో. రెండో అడుగు వేసింది. మూడో అడుగులో మడమ వాలి, మోకాలు మడతపడబోయి, తలుపు పిడి పట్టుకుంది. కూతురు "అమ్మా!" అంటూ పరిగెత్తబోయింది. దూదమ్మ అరచెయ్యి ఎత్తి అక్కడే ఆపేసింది. వార్డులో పెద్దవాళ్ళను కూడా ఆపే అరచెయ్యి అది. ఊపిరి తీసుకుని, పిడి వదిలేసి, ఆ చివరి దాకా నడిచింది, తిరిగి వచ్చింది. రాయి ప్రతి అడుగుకూ ఊకొట్టింది.

కాన్వాసు బూట్లను సంచీలో వేయించుకుని అలాగే వీధిలోకి వచ్చేసింది. ముందు దూదమ్మ, వెనక కోట్ల సంచులతో కూతురు. కూతురి కాలి కింది మెత్తటి జత ఏమీ అనడం లేదు.

"నొప్పెడుతున్నాయా?" అంది కొంత దూరం వెళ్ళాక.

"పెడుతున్నాయి."

"తీసెయ్యి మరి."

"తీయను."

ఇంటికి వచ్చాక మెట్లే ఆమెకు బడి అయ్యాయి. ఎక్కడం, దిగడం, కూర్చుని పాదాలు వేడినీళ్ళలో పెట్టుకోవడం. భర్త నీళ్ళు కాచి ఇస్తూ, "హారను ఉద్యోగం నీకిచ్చేశాను. ఇక బ్రేకు నేనే," అన్నాడు.

సభ రోజున హాలుకు వెళ్ళాలంటే పసిపిల్లల వార్డు ముందునుంచే దారి. ఆ నడవా మొదట్లో దూదమ్మ ఆగి, చెప్పులు విప్పి చేతబట్టుకుంది. వట్టి కాళ్ళతో, పాదం అంచు మీద బరువు వేసి, వార్డు దాటింది. లోపల మీగడ చెదరలేదు. హాలు గుమ్మంలో ఆగి, మళ్ళీ తొడుక్కుని పట్టీ బిగించింది.

హెడ్ నర్సు ఆమె కాళ్ళ వైపు చూసి గాభరాపడింది. "సిస్టర్, స్టేజీ చెక్కది. పెద్ద చప్పుడవుతుంది. నా బూట్లిస్తాను, మార్చుకోండి."

"చెక్కదని తెలిసే తెచ్చుకున్నాను."

పెద్ద డాక్టరు మాట్లాడాడు. అనుకున్నట్టే అక్కడికి వచ్చాడు. "ఆవిడ గొప్పతనం ఏమిటంటే, ఇన్నేళ్ళలో వార్డులో ఆవిడ ఉన్నట్టే తెలియలేదు." చప్పట్లు లేచాయి. అవి అణిగేదాకా ఆగి, దూదమ్మ కుర్చీలోంచి లేచింది.

టక్.

చెక్క స్టేజీ డొల్ల. ప్రతి అడుగునూ కడుపులో పెట్టుకుని, పెద్దది చేసి, హాలుకు పంచింది. డాక్టరు తర్వాతి మాట మర్చిపోయాడు. వెనక వరుసలో ఆయాలు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. మైకు దాకా ఆమె ఎంత నెమ్మదిగా నడవాలనుకుందో అంత నెమ్మదిగానే నడిచింది.

"డాక్టరుగారు అన్నది నిజమే. ఉన్నట్టు తెలియకుండానే నడిచాను," అంది. "పిల్లలు లేస్తారని. మీకోసం కాదు. ఇక్కడ మీరెవరూ నిద్రపోవడం లేదుగా?"

 ఆయాల వరుస ఈలలు వేసింది. డాక్టరు నవ్వాడు, ఎందుకు నవ్వుతున్నాడో తెలియని నవ్వు. ముందు వరుసలో కూతురు తల వంచుకుని కూర్చుంది. సిగ్గుతోనో మరెందుకో, దూదమ్మ అడగలేదు. ఇప్పటికీ అడగలేదు. ఉన్నట్టే తెలియదన్న మాట మాత్రం వాళ్ళ ఇంట్లో మళ్ళీ ఎవరి నోటా వినపడలేదు.

చెక్క మడమలు ఇప్పుడు ఒక పక్క అరిగాయి. చెప్పులు కుట్టే ఆయన రబ్బరు బిళ్ళ వేస్తానంటే, నోరు కుడతావా అని దెబ్బలాడి, చెక్కే వేయించుకుంది. వాటితోనే బజారుకు, వాటితోనే చుట్టాలింటికి. మోకాళ్ళు గొడవ చేసిన రోజున భర్త భుజం పట్టుకుని దిగుతుంది. చెప్పులు మాత్రం మార్చదు.

ఇదంతా రాసుకోవడానికి వచ్చినవాళ్ళను గుమ్మం దాకా సాగనంపి, కిందికి, వాళ్ళ కాళ్ళ వైపు చూసింది.

"రబ్బరువా? పాపం, మూగవి. పోనీలెండి, మెట్లు మాత్రం కాస్త గట్టిగా దిగండి. మా ఇంటికి మనుషులు వచ్చి వెళ్ళారని కింది వాళ్ళకు తెలియాలి."